సరిపోల్చి చెడగొట్టిన గడియారం

వేదిక మీదున్న అధ్యక్షుల వారికి, ముఖ్య అతిథిగారికి, ఈ సాయంత్రంతో ఉద్యోగ విరమణ చేస్తున్న మా పరీక్షల గది పెద్దసారుకి, ముందు వరసల్లోని పెద్దలకి, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ మా షెడ్డు మిత్రులు నలుగురికీ నమస్కారం. నన్ను రెండు నిమిషాలు మాట్లాడమన్నారు. ఎక్కువే తీసుకుంటాను. గంట కొట్టేవారు చెయ్యి కాస్త దించి ఉంచండి. (నవ్వులు)

దేశీయ క్రీడా సాంకేతిక పరిశ్రమను ప్రోత్సహించాలని ముఖ్య అతిథిగారు ఇందాక నాలుగుసార్లు సెలవిచ్చారు. ఆ పరిశ్రమంటే ఏదో పెద్ద భవనం అనుకునేరు. మేమేనండీ. రేకుల షెడ్డు, ఐదుగురం, ఒకటే ఫ్యాను. పరుగు పందెంలో గీత దాటిన క్షణాన్ని పట్టే గడియారం చేస్తాం. నాకు పట్టా లేదు, పాడైన యంత్రాలు విప్పి విప్పి నేర్చుకున్నాను. గడియారాలు పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే ఈ సంస్థకి మొదటిసారి వస్తే గేటు దగ్గరే "ఏ కాలేజీ?" అని ఆపేశారు. సారొక్కరే, "పట్టా లేకపోతే ఏం బాబూ, చేతిలో పనుందిగా, లోపలికి రా" అన్నారు. ఆ మాట మరిచిపోలేదు కాబట్టే ఇవాళ ఇంత కోపంగా ఉంది.

సంగతేమిటంటే, ఇక్కడ మన గడియారం సరైనదా కాదా అని చూడరు. గదిలో ఉన్న విదేశీ గడియారంతో సరిపోలిందా అని చూస్తారు. మాది మూడుసార్లు తప్పింది. ప్రతిసారీ అదే తేడా, సెకనులో నూరో వంతులు మూడు. మూడోసారి నాకు ఒళ్లు మండింది. మూడు మీటర్ల ఎత్తు నుంచి ఇనుప గుండు వదిలితే ఎంతసేపట్లో నేలకి తగులుతుందో బడిపుస్తకం లెక్కే చెబుతుంది. సారు ముందే నిచ్చెనెక్కి వదిలాను. మా గడియారం పుస్తకం మాటే చెప్పింది. విదేశీది ఆ మూడు వంతులూ ఎక్కువ చూపించింది.

"చూశారా సార్, తప్పు దానిది!"

"చూశాను బాబూ. కానీ నీది తేడా అని రాయడానికే నాకు అధికారం. అది తప్పని రాసే గడి ఈ ఫారంలో లేదు." (నవ్వులు)

నవ్వండి. నేనూ నవ్వాను, ఇంటికెళ్లే దారంతా. తర్వాత చేసింది వింటే నవ్వరు. నాలుగోసారికి మా గడియారంలో ఆ మూడు వంతులూ నేనే కలిపాను. సరైన దాన్ని చేతులారా చెడగొట్టి తెచ్చాను. చక్కగా సరిపోలింది. సారు నా భుజం తట్టి ధ్రువపత్రం మీద సంతకం పెట్టారు. "ఏం మార్చావు?" అని అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణే సార్. మీరు అడగలేదు.

వచ్చే వారం జాతీయ జట్టు ఎంపికలకి మా గడియారాలు ముప్పై వెళుతున్నాయి. పరిగెత్తే ప్రతివాళ్ల లెక్కలోనూ ఆ మూడు వంతులు కలుపుతాయి. ఎంపికకి పెట్టిన హద్దు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మా చెల్లెలూ పరిగెడుతోంది. నిన్న భోజనం దగ్గర చెప్పాను. కంచం పక్కకి నెట్టేసింది. "అన్నయ్యా, నేను ఒక్క వంతు తేడాలో పోతే ఎవర్ని తిట్టుకోవాలి? నిన్నా, నా కాళ్లనా?" అంది.

పెద్దలకి ఒకటే మనవి. మాకు జ్ఞాపికలొద్దు, ఫొటోలొద్దు. మా పనిని కొలతతో కొలవండి, దిగుమతి సరుకుతో కాదు. మేం తప్పు చేస్తే మొహం మీదే తిప్పి పంపండి. సరిగ్గా చేసినప్పుడు మాత్రం, తప్పు చేసేదాకా తరమకండి. మేం అడిగే ప్రోత్సాహం అంతే.

సార్, మీ అధికారం ఐదింటిదాకా ఉంది. ఇప్పుడు నాలుగున్నర. ఇదిగో, ఆ ధ్రువపత్రం రద్దు చెయ్యమని నేను రాసిన కాగితం. ఎందుకో కూడా రాశాను. రద్దయితే గడియారాలన్నీ వెనక్కొస్తాయి, మా షెడ్డు నిలబడుతుందో లేదో తెలియదు. మావాళ్లు నలుగురికీ చెప్పే రాశాను. తిట్టారు, తర్వాత సరే అన్నారు.

(కాగితం సారు ముందు పెడతాడు)

అధ్యక్షులవారూ, తొందరపెట్టకండి. ఆయన చదవకుండా సంతకం పెట్టరు. చదవనివ్వండి.

(సారు చివరిదాకా చదివి కలం తీస్తారు)

పెట్టారు. సార్, కోపం వచ్చి ఉంటే తిట్టండి, రేపట్నుంచి మీకు తీరికేగా. (నవ్వులు) మీరు లోపలికి రానిచ్చినందుకు, అందరూ ఇంతసేపు విన్నందుకు కృతజ్ఞతలు. గడియారాలు ఎక్కించిన బండి బయటే ఉంది, కదలకముందే దింపుకోవాలి. సెలవు.