చెయ్యి ఆడింది

నా పేరు కాంచన. వయసు ముప్పై నాలుగు. నా భర్త నాగరాజ్‌తో కలిసి బాగేపల్లి బస్టాండు వెనక చిల్లర అంగడి నడుపుతున్నాను. మునినారాయణ గారి ఫిర్యాదు మీద స్టేషనుకు పిలిచి అడగగా చెబుతున్నాను.

నాలుగో తరగతి చదివే రక్షిత నా కూతురు. వేసవి సెలవుల్లో దానికి గొంతు వాచి జ్వరం వచ్చింది. మిరియాల కషాయం ఇచ్చాం, తగ్గింది. బడి తెరిచాక అక్షరాలు వంకరపోయాయి. పెన్ను జారుతోందని చెబితే టీచరమ్మ “ఆడలేనమ్మ మద్దెల ఓడు అనిందంట” అని నవ్విందట. ఇంట్లో లోటాలు పడేసేది, మూతి వంకర తిప్పేది. నిద్రలో మాత్రం ఒళ్ళు కదిలేది కాదు. అందుకే మెలకువలో కావాలనే చేస్తోందని మా అత్త తేల్చేసింది. మేమూ నమ్మాం.

సోమవారం మధ్యాహ్నం బడిలో భోజనాలప్పుడు రక్షిత చెయ్యి ఆడగా, వేడి చారు పోసిన పళ్ళెం దాని చేతిలోంచి ఎగిరి, పక్కనున్న భాను తొడ మీద పడింది. పాపం, బొబ్బలెక్కాయి. భాను తండ్రే మునినారాయణ గారు. బిడ్డ కాలిన తండ్రి, ఆయన మీద నాకు కోపం లేదు. నా కోపమంతా హెడ్మాస్టరు మీద. “చెయ్యి ఆడించినావా లేదా?” అని అందరి ముందూ గద్దించి, “నేనే ఆడించినాను” అని బిడ్డ చేత రాయించుకున్నాడు. టీసీ తీసుకుపొమ్మన్నాడు.

మర్నాడు చిక్కబళ్లాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ తన వేళ్ళు పట్టుకోమంది. రక్షిత పిడికిలి పాలు పితికినట్టు బిగుస్తూ వదులవుతూ ఉంది. “ఇది గొంతు నొప్పి తర్వాత వచ్చే జబ్బమ్మా. కొరియా అంటారు. చేతులు వాటంతటవే ఆడతాయి. గుండె కూడా చూడాల” అంది. మూడు వారాలకొకసారి పెన్సిలిన్ సూది వేయించాలంది.

బయటికొచ్చాక రక్షిత, “అయినా నేనే ఆడించినానని రాసిచ్చినా కదమ్మా” అంది. నడిరోడ్డు మీద ఏడ్చేశాను.

దీన్ని రాసుకున్న ఏఎస్సై నంజప్ప గారు నాకు చదివి వినిపించారు. ఒకచోట “చెయ్యి ఆడించగా” అని ఉంది.

“రెండూ ఒకటే కదమ్మా” అన్నారు.

“యాడ ఒకటప్పా? గాలికి ఆకు ఆడతాది. ఆకు ఆడిస్తాదా?” అన్నాను.

కొట్టేసి “ఆడగా” అని దిద్దారు. దిద్దినచోట కూడా సంతకం చేశాను. చూసిందీ విన్నదీ ఉన్నదున్నట్టు చెప్పాను, ఇందులో అబద్ధం లేదు. దీని నకలు ఒకటి ఇప్పించండి. నా మాట మా పాప నమ్మడం లేదు. పోలీసులు రాసింది చూపిస్తే నమ్ముతుంది.

(సంతకం) కాంచన
బాగేపల్లి