ఇద్దరు రాహేలమ్మలు

మార్గరెట్టా? ఇంకొక్క తూరి చెప్పండయ్యా, నా నోరు తిరగల్యా. మార్గరెట్టు ప్రేమకుమారి! అదంతా కలిపి మా మనవరాలు ఒక్కదానికేనా? మూరెడు లేదు, దానికి అంత పేరు యాడ పెడతారు?

కూచోండి అయ్యగారూ, మంచం మీద కూచోండి. నులక గుచ్చుకోదులే. మా కోడలు శాంతమ్మ నీళ్లకు పోయింది. ఈ ఎండలో ఆ బావి దాకా పోయి, చేదుకొని వచ్చేసరికి శానాసేపు పడతాది. ఆ లోపల మీరూ నేనూ ఈ పేరు సంగతి తేల్చేద్దాం. రేపే బాప్తిస్మం పెట్టుకొని, ఇంకెప్పుడు తేలేది?

నేను విత్తనానికి శనక్కాయలు ఒలుచుకుంటా మాట్లాడతా, తప్పుగా అనుకోవద్దండి.

సేన్లో ఒకసారి పిలిచి చూడండి ఆ పేరు. రేపు ఈ పిల్ల పెద్దదై, మేకను తోలుకొని అంత దూరంలో ఉంటాది. మేక పక్కోళ్ల సేన్లో మూతి పెట్టింది. నేను ఈడ నిలబడుకొని "మార్గరెట్టూ, ప్రేమకుమారీ" అని పూర్తిగా పిలిచేలోపల మేక ఒక సాలు మేసేసి రెండో సాలుకు పోతాది. ఆ సేను ఆయప్ప కట్టె ఎత్తుకొని మా ఇంటికే వస్తాడు.

అదే "తిప్పా!" అనండి. ఒక్క అరుపు. వంక దాటి, అవతలి గుట్టకు తగిలి, మళ్ళా మనకే వినపడతాది. మేక గూడా తలెత్తి చూస్తాది.

నవ్వుతాండారు. నవ్వండి, నవ్వండి. మీరొచ్చి మూడు నెలలాయ, మీరు నవ్వేది ఈ పొద్దే చూస్తాండా.

నేనడిగేది ఇంతే అయ్యా. రాహేలమ్మ తిప్పమ్మ. బైబులు పేరు ఒకటి, మన పేరు ఒకటి. రెండూ కలిపి, బాప్తిస్మం పేర్లు రాసే ఆ గుడి పుస్తకంలో రాయాల. ఒకటి రాసి ఒకటి వదిలేదానికి ల్యా.

ఏమంటిరి? అన్యుల పేరా? తిప్ప అంటే పేడకుప్ప అని ఎవరు చెప్పినారు మీకు, మా కోడలేనా? అయిదో తరగతి దాకా గుత్తిలో చదివింది గదా, దానికి అన్నీ తెలుసు. అవునయ్యా, పేడకుప్పే. నేనేమన్నా కాదన్నానా?

ఒక తల్లికి ఇద్దరు పిల్లోళ్లు పుట్టి పోయినారనుకోండి. మూడోది పుడతానే ఆ తల్లి గుండె ఎట్లుంటాది? బిడ్డను తీసకపోయి పేడతిప్ప మీద పండబెడతాది. ఇది నాది కాదు, పారేసిన బిడ్డ అని. పక్కింటామె వచ్చి ఎత్తుకుంటాది. ఆ తల్లి చేరెడు తవుడు ఇచ్చి మళ్ళా కొనుక్కుంటాది. చావు ఆ పక్క వస్తే, ఇది ఎవరికీ వద్దన్న బిడ్డలే అని పోవాలని. తిప్పమ్మ అని పేరు పెట్టేది అందుకు. బిడ్డ దక్కితే చాలని పెట్టిన పేరయ్యా అది! మీ మార్గరెట్టు ఎవరో, ఆయమ్మకు ఆ పేరు ఎవరు పెట్టినారో, యానికి పెట్టినారో, మీకు తెలుసునా?

ఇప్పుడు మా వీధిలో చూడండి. రాణి అంట. అయిదుగురు రాణులుండారు. బళ్ళో అయివారు "రాణీ" అంటే అయిదుగురూ లేచి నిలబడతారంట. మా కాలంలో హనుమక్క అంటే హనుమక్క, చెన్నమ్మ అంటే చెన్నమ్మ. పేరు వింటానే ఆ మనిషి ముక్కూ మొహం కండ్ల ముందరికొచ్చేది. నా పేరు నల్లమ్మ. చూసినారు గదా, ఇంక చెప్పేదేముండాది?

తిప్పమ్మ ఎవరంటారా? నా జత. ఆ తవుడుకు కొన్న బిడ్డ అదే.

ఇద్దరం ఒకే ఈడు. కలుపు తీసేకాడ ఒకే సాలు పట్టేది. అది పాట ఎత్తుకుంటే నేను అందుకునేది. దాని గొంతు బాగుంటాది, నాది గాడిద గొంతే. అయినా నన్ను పాడొద్దని ఒక్కనాడు అనలేదు.

మాకు పన్నెండేండ్లప్పుడు దొర వచ్చినాడు బాప్తిస్మం ఇచ్చేదానికి. ఎర్రగడ్డం దొర. మా పల్లెలో ముప్పై మంది దాకా వరసగా నిలబడినాం. పాత పేరు గుడి బయట వదిలిపెట్టి రావాలని చెప్పినారు. చెప్పుల మాదిరి వదిలిపెట్టినాం, బయటికొస్తానే మళ్ళా తొడుక్కున్యాం, అది వేరే సంగతి.

దొర చేతిలో కాయితం. మగోళ్ల పేర్లు బాగానే రాసుకొచ్చినాడు గాని, ఆడోళ్ల పేర్లు తక్కువ రాసుకొచ్చినాడు. సారమ్మ, రిబ్కమ్మ, రూతమ్మ, అట్ల ఇచ్చుకుంటా వచ్చి, నా కాడికొచ్చి రాహేలమ్మ అన్యాడు. అంతటితో కాయితం అయిపాయ. నా వెనకాల తిప్పమ్మ ఒక్కతే మిగిలింది, నా పైట పట్టుకొని. దానికి ఆ గడ్డం అంటే భయం.

దొర పక్కన మాట తిప్పి చెప్పే ఆయప్ప బయ్యన్న అని ఉండె. "దీనికేం పేరు?" అని దొర అడిగినట్టుండాడు. బయ్యన్న నవ్వుకుంటా, "ఇవి రెండూ ఎప్పుడూ ఒకటే దొరా" అన్యాడు. "అట్లయితే ఇదీ రాహేలమ్మే" అని దొర దాని నెత్తిన గూడా నీళ్లు పోసేసినాడు.

మాకెంత సంతోషమో! ఇంటికి పోయే దోవ పొడుగునా అది నన్ను "ఓ రాహేలమ్మా" అనేది, నేను దాన్ని "ఏమమ్మా రాహేలమ్మా" అనేది. పెండ్లిండ్లయినాక గూడా ఆ ఎగతాళి పోలేదు. దేవుని దయ, ఇద్దరినీ ఈ పల్లెలోనే ఇచ్చినారు. నాకు నలుగురు పిల్లోళ్లు. దానికి ఒక్కరూ ల్యా. నా పిల్లోళ్లే దాని సంకన పెరిగినారు. మా జకరయ్య, అదే ఈ బిడ్డ నాయన, వాడయితే నాకంటే దాని కాడనే ఎక్కువ తిన్యాడు.

అవునండి, పుస్తకం సంగతికే వస్తాండా.

పుస్తకంలో రాహేలమ్మ, రాహేలమ్మ అని కింద కింద రెండు తూర్లు ఉండెనంట. ఎవరో పుణ్యాత్ముడు చూసి, ఒకే పేరు పొరపాటున రెండు తూర్లు పడిందని కిందిది గీటు కొట్టేసినాడు. మాకు చదువు ల్యా, మాకేం తెలుసు? గుడిలో ప్రభువు రొట్టె ఇచ్చేకాడ మొహాలు చూసి ఇస్తారు గాని పుస్తకం చూడరు గదా. శానా ఏండ్లు బాగనే జరిగిపాయ.

పన్నెండేండ్ల కిందట కరువు వచ్చింది. మీరప్పుడు చదువుకుంటా ఉంటారు, మీ పక్క కాలవల నీళ్లు. ఈడ వరసగా వానల్యా. బావుల్లో దిగి చిప్పతో గీకుకొని నీళ్లు తెచ్చుకున్యాం. కలబంద దుంపలు ఉడకబెట్టుకొని తిన్యాం. తిప్పమ్మ మొగుడు హోసుపేట కాడ డ్యాము పనికని పోయి తిరిగి రాల్యా. నా మొగుడు అప్పటికే పోయినాడు.

అప్పుడు గుడి తరఫున జొన్నలు వచ్చినాయి. శనివారం శనివారం పుస్తకం చూసి పేరు పిల్చేది, పేరుకొక పడి జొన్నలు. "రాహేలమ్మ" అని పిల్చినారు. ఇద్దరం కొంగు పట్టినాం. పుస్తకంలో ఒకటే ఉండాది, ఒకరే రావాల అన్యారు. ఇద్దరుండాం సామీ అంటే, ఇట్ల ఊరికొకరు చెప్తాండారు, పోండి అన్యారు. తిప్పమ్మ అని రాసుంటే సరిపోయేది. నల్లమ్మ అని రాసుంటే సరిపోయేది.

మేం ఏడ్వలేదయ్యా. తిప్పమ్మ నవ్వింది. ఒక వారం అది పోయేది, ఒక వారం నేను పోయేది. ఇంటికొచ్చి జొన్నలు నేల మీద పోసి రెండు కుప్పలు చేసేది. ఒకరు కండ్లు మూసుకొని ఏ కుప్ప ఎవరిదో చెప్పాల. "రాహేలమ్మకు ఈ కుప్ప, రాహేలమ్మకు ఆ కుప్ప" అని చెప్పి అది పడీ పడీ నవ్వేది. అరపడి జొన్నలకు అంత నవ్వు!

బిడ్డ కదిలింది. ఉండండి, ఉయ్యాల ఒకసారి ఊపుతా. ఆ... పండుకో, పండుకో.

ఏమన్యారు? తర్వాతనా?

తర్వాత జకరయ్యకు జొరం వచ్చి పట్టుకొనింది. పదేండ్లోడు, ఎముకలు తప్ప ఏమీ ల్యా. ఆ శనివారం పోయే వంతు నాది. పడి జొన్నలు కొంగులో కట్టుకున్యా. ఎప్పుడూ తిప్పమ్మ ఇంటి ముందర వచ్చేదాన్ని, ఆ పొద్దు ఎండిన వంకలో దిగి చుట్టూ తిరిగొచ్చినా. ఎందుకు తిరిగొచ్చినానో నడిచేటప్పుడు నాకే తెలీదు అని చెప్పుకుంటి. తెలుసయ్యా. తెలీకేమి?

మరుసటి దినం పొద్దున తిప్పమ్మ వచ్చి గడప కాడ కూచునింది. "ఏమే, మన పేరు పిల్చినారా?" అనింది.

"పిలవల్యా" అంటి.

జకరయ్య గంజి తాగి నా పక్కనే కూచోనుండాడు. వాని మూతికి గంజి అంటుకొనుండాది. తిప్పమ్మ అది చూసింది. లేచొచ్చి, కొంగుతో వాని మూతి తుడిచింది. నన్ను ఒక్క మాట అనలేదు. "జొరం తగ్గినట్టుండాది లే" అనేసి పోయింది.

తిట్టుంటే బాగుండు. జుట్టు పట్టుకొని వీధిలోకి ఈడ్చుంటే బాగుండు.

మరుసటి శనివారం దాని వంతు. అది పోలేదు. నాకు వదిలేసింది. నేను పోయి తెచ్చుకుంటి. ఆ తూరి గూడా దాని వాకిలి పక్క పోలేదు.

ఆ పై వారం, మొగుణ్ణి వెతుక్కుంటానని నలుగురితో కలిసి హోసుపేట పక్క నడుచుకుంటా పోయింది. విడపనకల్లు కాడ దోవలోనే పడిపోయిందంట. జతలో పోయిన నాగప్ప తిరిగొచ్చి చెప్పినాడు. ఆడనే ఎవరో పూడ్చినారంట. గుడికి తెలిపితే, పుస్తకంలో ఉన్న ఒక్క రాహేలమ్మకు ఎదురుగా చచ్చిపోయిందని రాసినారు.

కాబట్టి అయ్యగారూ, మీ పుస్తకం ప్రకారం నేనెప్పుడో చచ్చిపోయినా. రొట్టె మాత్రం నెల నెలా తీసుకుంటాండా. మీరు కొత్తగా వచ్చినారు, చూసుకోలేదు.

ఊరుకోండి, మీరు కండ్లు తుడుచుకుంటే నేనేం గావాల? నేనే ఏడ్వలేదు. మా జకరయ్య గుత్తిలో రైలు పట్టాల పని చేస్తాండాడు, దుక్కలా ఉండాడు. వానికిది తెలీదు, మీరు చెప్పొద్దు. అవ్వ యానికి పాత పేరు పట్టుకొని యాలాడుతాండాదని మొగుడూ పెండ్లామూ ఇద్దరూ నన్ను చూసి నవ్వుతాండారు. నవ్వనీండి.

మీరు రాసేదుంటే రెండూ రాయండి. గీటు కొట్టేవాడెవడన్నా తర్వాత వస్తే, ఇది ఫలానా మనిషి అని తెలియాల. రాయనంటే మానుకోండి, మార్గరెట్టే పెట్టుకోండి. నేనేం గుడి ముందర కూచొని రభస చెయ్యను.

ఈ పన్నెండేండ్లలో ఆ పేరు నేను నోరు తెరిచి పిలవలేదయ్యా. పిలిచేదానికి మొహం చాలల్యా. బిడ్డకు పెడితే దినామూ పిలవాల్సిందే గదా. కూటికి పిలవాల, నీళ్లకు పిలవాల, పొద్దు మునిగితే ఇంటికి పిలవాల. నేను పిలిస్తే, "ఏం అవ్వా" అని ఆ పేరుతో ఒకరు నాకు పలకాల. అంతే నాకు గావాల్సింది.