పట్టు అని పెట్టిన పేరు

"పెద్దబాపూ, నా బిడ్డకు రేష్మ అని పెడ్దామంటున్నం. మా అమ్మ ఒప్పుకుంటలేదు. బట్ట పేరు మనిషికి పెడ్తరా అంటున్నది."

రేష్మ అన్నా పట్టే గదా, బట్ట పేరైతే ఏమైతది కొడుకా? కూసో, చాయ్ తాగు. ఈ కతర్ మన్సూరల ఇప్పుడు ఎవరింట్ల కూసున్నం మనం? మా బిడ్డ ఇంట్ల. దాని పేరేంది? పట్టు. పాస్‌పోర్ట్‌ల అదే, దవఖానల డ్రెస్సు మీద బిళ్లకు అదే.

మా నాయిన పట్టుచీరలు నేసెటోడు. మనయి కావు మల్ల, సావుకారి పట్టు దారం ఇచ్చేది, ఈన కూలికి నేసేది. మా అవ్వ ఆ దారం కండెలకు సుట్టి సుట్టి వేళ్లు కాయలు గాసినయి. గని ఎన్నడు ఒంటి మీద పట్టు యెయ్యలే. పోయిన్నాడు గూడ నూలు చీరనే. అది నా కడుపుల అట్లనే ఉండిపోయింది.

తర్వాత మగ్గం బందైంది. నేను దుబాయ్ వొచ్చిన... అగో, ఊరోళ్ల లెక్క నేను గూడ దుబాయ్ అంటున్న. కతర్ వొచ్చిన. సెంట్రింగ్ పని. ఇప్పుడు నీ క్యాంప్ ఉన్న బిర్కత్ అల్ అవామిర్ అంత అప్పుడు ఉత్త ఇసుకనే. ఆడుండంగనే బిడ్డ పుట్టింది. వీడియో కాల్ ఎక్కడిది అప్పుడు? ఊర్లె ఒక్క ఎస్టీడీ డబ్బా. మీ పెద్దమ్మను పిలిపిచ్చేటాళ్లకే సగం ఫోన్ కార్డు అయిపోయేది. "పట్టు అని పెట్టు" అన్న. "పట్టుకున్ననయ్యా, ఫోన్ పట్టుకునే ఉన్న, చెప్పు" అన్నది. మల్ల అరిసిన. గట్టిగనే పట్టుకున్న అంటది. కార్డు కతం. జీతాలొచ్చినంక మల్ల చేసి, మా అవ్వ కట్టని పట్టు అని ఇడమర్సి చెప్తే సమజైంది. ఏడ్సింది పాపం.

బళ్లె ఏస్తే సారు, ఇదేం పేరని, పద్మ అని రాసుకున్నడు. పోరగాళ్లేమో పట్టుపురుగు అని ఎక్కిరిచ్చుడు. నేను లీవ్ మీద పోతే పిల్ల నా ముంగట నిలవడి, "బాపూ, నాకు పద్మనే ఉంచుర్రి" అన్నది. చిన్న పిల్ల. మా నాయిన అరుగు మీద కూసోని ఇన్నడు. దాన్ని దగ్గరికి పిలిసిండు. ఆయన ఎక్కువ మాట్లాడెటోడు కాదు, నీకెరుకేనా, మగ్గమే మాట్లాడేది ఆయన బదులు.

"మీ నాయినమ్మకు ఒక్క పట్టుచీర కట్టియ్యలేకపోయిన బిడ్డా," అన్నడు. "నిన్ను పిలిసినప్పుడల్లా ఇంట్లకు పట్టు వొచ్చినట్టుంటది నాకు."

తెల్లారి పిల్లనే సొంతంగ బడికి పోయి, సారూ, నా పేరు పట్టు, దిద్దుర్రి అన్నదట. నేను పోనే లే.

ఇప్పుడేమో నర్సు. మొన్న ఇంటి తాళం మర్సిపోతే దవఖానకు ఇయ్యవోయిన. ఆడ ఒక కతరీ ముసలామె ఉన్నది, మదీనత్ అల్ షమాల్ దిక్కామె. అంతకు ముందొకసారి నీ పేరుకు అర్థమేందని ఆమె అడిగితే మా బిడ్డ హరీర్ అని చెప్పిందట, అరబ్బీల పట్టుకు హరీరే గదా. ఆ పొద్దుకెళ్లి హరీర్ రావాలె, హరీరే సూది ఇయ్యాలె అంటదట. మొన్న నన్ను సూసి, ఈ ముసలాయన ఎవరని అడిగింది. మా బాపు, పేరు పెట్టింది ఈయననే అన్నది మా బిడ్డ. ఆమె చెయ్యి గుండె మీద పెట్టుకోని నా దిక్కు తల వంచింది.

ఇన్నేండ్లు ఈ దేశంల పని చేసిన కొడుకా. యల్లా, యల్లా, జల్ది కానియ్యి, అంతే ఇన్న.

సరే, మీ అమ్మకు వీడియో కాల్ కలుపు. నేను మాట్లాడత. కోపం చెయ్యకు, ఆమెకు ఎరుక లేక అంటున్నది... ఆ, చెల్లే, మంచిదా? పేరు సంగతి మీ కొడుకు చెప్పిండు, జర సేపైనంక మాట్లాడుదం. ముందుగాల మనుమరాలిని సూపియ్యి. అబ్బ, ఎంత జుట్టు! లేపకు, పండనియ్యి. రేష్మా... మీ నాయిన పడ్డ ఎండంత నీకు నీడ గావాలె బిడ్డా. సల్లగుండు... ఆ, చెల్లే, చెప్పు, ఇనవడుతున్నది...