మేం బోటెక్కాం

(మంగళవారం సాయంత్రం. సొంత వ్యాన్ కిరాయికి తిప్పే మనిషి రెండు రోజుల ట్రిప్పు ముగించుకుని ఇంటికొచ్చాడు. భార్య కుట్టుమిషన్ ముందుంది. నాలుగో క్లాసు కూతురు నేల మీద బోర్లా పడుకుని నోటుబుక్కులో రాసుకుంటోంది.)

“ఆగండాగండి. ఇప్పుడేమన్నారు?”

“ఏమన్నాను? మేం బోటెక్కాం అన్నాను.”

“అదే. మేం అంటే ఎవరు?”

“మేం అంటే మేమే. పార్టీ, నేనూ.”

“పార్టీ అంటే బండి కిరాయికి మాట్లాడుకున్నవాళ్ళు కదా. ‘వాళ్ళు బోటెక్కారు’ అనాలి. మధ్యలో డ్రైవరు ‘మేం’ అనడమేంటి?”

“ఏదో నోటికొచ్చింది, అన్నాను. ఇప్పుడేగా గుమ్మంలో కాలు పెట్టింది, ముందు కాస్త టీ నీళ్ళు పొయ్యి.”

“పోస్తాను. ఎవరసలు ఈ పార్టీ?”

“చెప్పాగా, కళ్ళ డాక్టరమ్మ. ఆవిడ, ఇద్దరు పిల్లలు, వాళ్ళ పెద్దావిడ.”

“ఆవిడగారి ఆయన?”

“ఆయనకేదో పనిపడి రాలేదు.”

“పాపం. పోన్లే, డ్రైవరున్నాడుగా అనుకుని ఉంటుంది.”

“పిల్ల ముందు ఏం మాటలే అవి.”

“నాన్నా, ఆపేశావు. బోటెక్కాక ఏమైంది?”

“బోటెక్కాక... రాసుకో తల్లీ. పెద్దావిడ మోకాళ్ళ నొప్పులని ఒడ్డునే కూర్చుంది. చెరువు మధ్యకి వెళ్ళేసరికి గాలి లేచింది. మోటారు మోతకి ఒకళ్ళ మాట ఒకళ్ళకి వినపడలేదు. డాక్టరమ్మగారి మెడలో పచ్చ స్కార్ఫు ఎగిరి నీళ్ళలో పడింది.”

“ఎవరు తీశారు?”

“ఏది?”

“స్కార్ఫు. నీళ్ళలోంచి ఎవరు తీశారండీ?”

“ఎవరో తీశారు.”

“ఆవిడ, పిల్లలు, మీరు. ఇందులో ‘ఎవరో’ ఎవరు?”

“సరే, నేనే తీశాను. వంగి అందుకున్నాను, పిండి ఇచ్చాను. అయితే ఏంటంట?”

“పిండి కూడా ఇచ్చారు.”

“తడిసినదాన్ని పిండకుండా ఎలా ఇస్తాను?”

“పెళ్ళై పదకొండేళ్ళు. ఈ ఇంట్లో బకెట్లోంచి బట్ట ఒక్కటి తీసి పిండారా మీరు?”

“అది వేరు, ఇది వేరు.”

“వేరే మరి. భోజనాలెక్కడ చేశారు?”

“అక్కడే, గెస్ట్‌హౌస్‌లో. అందరం ఒకే బల్ల దగ్గర.”

“ఒకే బల్ల.”

“పెద్ద బల్లే.”

“ఆవిడ వడ్డించిందా?”

“ఎవరికి కావలసింది వాళ్ళం వడ్డించుకున్నాం. ఇంకా ఏమన్నా ఉన్నాయా, పోలీసు ప్రశ్నలు?”

“అమ్మా, మిషనైనా ఆపు, మాటలైనా ఆపు. సోమవారం బడి తెరవగానే మిస్సుకి ఇవ్వాలి.”

“ఏంటే అంత దీక్షగా రాస్తున్నావు?”

“‘సెలవుల్లో మేం చూసిన చోటు.’ రెండు పేజీలు రాయాలి.”

“మనం ఏం చోటు చూశామే?”

“నాన్న చూశాడుగా. నాన్న చెప్తుంటే నేను రాస్తున్నా. పోయినేడాది జలపాతం కూడా ఇలాగే రాశా. మిస్సు అందరికీ చదివి వినిపించింది.”

“నాకు చెప్పలేదే?”

“నువ్వు నాన్న ట్రిప్పుల మాటెత్తితే మూతి ముడుస్తావు కదా.”

“ముడవనా మరి. ఆ చెరువు గంట దూరం. గంటే. పొద్దున అన్నం తిని బయల్దేరితే దీపాలు పెట్టేవేళకి ఇంట్లో ఉంటాం. ఎన్నిసార్లు అడిగాను మీ నాన్నని. ‘చూసిందే ఏం చూస్తాం, తిరిగి తిరిగి విసుగొస్తోంది’ అంటాడు. మనతో అయితే విసుగు. పచ్చ స్కార్ఫుతో అయితే హుషారు.”

“ఊరికే కళ్ళల్లో నిప్పులు పోసుకోకు.”

“పోసుకుంటాను. అవును, నాకు కుళ్ళే. దాచుకునేదేముంది. ఇదిగో ఈ గౌను ఎవరిదో తెలుసా? నాకూ తెలీదు. టూరుకట, శుక్రవారానికి అందాలట. పోయినవారం రెండు టోపీలు కుట్టాను, అవీ టూరుకే. ఊళ్ళోవాళ్ళ టూరు బట్టలన్నీ నేను కుడతాను, ఊళ్ళోవాళ్ళందర్నీ మీరు తిప్పుతారు. మన మొగుడూ పెళ్ళాల పుణ్యమా అని లోకమంతా షికార్లు చేస్తోంది. నా కాలు మాత్రం ఈ మిషను పెడలు దాటదు.”

“పొరుగింటి పుల్లకూర రుచి. అక్కడ ఏముందే, ఉత్త నీళ్ళు.”

“ఉత్త నీళ్ళయితే మీరెందుకు ఎక్కారు బోటు?”

“పిల్లలు రమ్మని గోలపెట్టారు. కాదనలేకపోయాను.”

“మన పిల్ల గోలపెడితే మాత్రం చక్కగా కాదంటారు.”

“అమ్మా, చదవనా? ఇందులో నువ్వు కూడా ఉన్నావు.”

“నేనా?”

“విను. ‘మేం ముగ్గురం బోటెక్కాం. అమ్మ, నాన్న పక్కన కూర్చుంది. నీళ్ళు చూసి అమ్మకి భయం వేసింది. నాన్న చెయ్యి గట్టిగా పట్టుకుంది. గాలికి అమ్మ పచ్చ స్కార్ఫు ఎగిరి నీళ్ళలో పడింది. నాన్న వంగి తీసి పిండి ఇచ్చాడు. అమ్మ చాలాసేపు నవ్వింది.’ అమ్మా, మిషను ఆపేశావే, బాలేదా?”

“బాగుంది చిట్టీ. నాకు పచ్చ స్కార్ఫు లేదే.”

“పోనీ ఏ రంగు పెట్టను?”

“నువ్వేం మార్చకు. ఏమండీ, చెయ్యి పట్టుకుందా?”

“ఎవరు?”

“భయం వేసి చెయ్యి పట్టుకోవడం పిల్ల సొంతంగా రాసిందా, మీరు చెప్పిందా?”

“అది... దాని కల్పనే.”

“కాదు నాన్నా, ఇందాక అమ్మ టీ పెట్టడానికి వెళ్ళినప్పుడు నువ్వే చెప్పావు. చెయ్యి పట్టుకుంది అన్నావు.”

“పెద్దావిడ పట్టుకుందన్నాను తల్లీ.”

“పెద్దావిడ మోకాళ్ళ నొప్పులని ఒడ్డునే కూర్చుందన్నావుగా.”

“గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకుంటారు చూడండి, అలా ఉంది మీ వాలకం.”

“నువ్వు లేనిపోనివి తవ్వకు. నా దారిన నేను తెడ్డేసుకుంటూ కూర్చున్నాను.”

“తెడ్డా? నాన్నా, మోటారు మోతకి మాటలు వినపడలేదన్నావు. ఇదిగో, రాశాను కూడా.”

“మోటారూ ఉంది, తెడ్డూ ఉంది.”

“అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. మీకు అదీ చేతకాదు. ఏదీ, ఫోనివ్వండి. ఫోటోలు తీసే ఉంటారుగా.”

“ఛార్జింగ్ లేదు.”

“చిట్టీ, నాన్న చొక్కా జేబులో చూడు.”

“ఉంది. సగం పైనే ఉంది ఛార్జింగ్.”

“తల్లీ, ఇటివ్వమ్మా అది. ఇవ్వు, నేను చూపిస్తాను.”

“ఇవ్వకు. నువ్వే చూసి చెప్పు. ఆవిడ ఎక్కడ కూర్చుందో, ఈయన ఎక్కడ కూర్చున్నాడో. నేను చూడను, నా వల్ల కాదు.”

“డాక్టరమ్మగారు లేరమ్మా.”

“సరిగ్గా చూడు.”

“ఎవరూ లేరు. దూరంగా నీళ్ళున్నాయి. ఇందులోనూ నీళ్ళే. ఇందులో ఒక బోటుంది, చీమంత. అన్నిట్లోనూ కింద అడ్డంగా నల్లగా కర్రలాంటిదేదో ఉంది.”

“కర్రేంటి?”

“ఏమో. అన్ని ఫోటోల్లోనూ ఉంది. నాన్నా, ఇది మన బండి అద్దం తుడిచే వైపర్ కదూ? పోయినేడాది జలపాతం ఫోటోలోనూ ఉంది. గుహల ఫోటోలోనూ ఉంది.”

“ఏమండీ.”

“ఊఁ.”

“బోటెక్కలేదా?”

“లేదు.”

“మరి రెండు రోజులూ ఎక్కడున్నారు?”

“పార్కింగ్‌లో. మేం దాన్ని వెయిటింగ్ అంటాం. దిగినవాళ్ళు ఎప్పుడు తిరిగొస్తారో తెలీదు, బండి వదిలి కదలడానికి లేదు. అద్దం తుడుస్తాను. తుడిచిన అద్దమే మళ్ళీ తుడుస్తాను. వాళ్ళు వచ్చి ఎక్కాక వెనక సీట్లలో చెప్పుకుంటారు కదా, బోటనీ గాలనీ, అవి వింటాను. ఒకడు మోటారు బోటంటాడు, ఒకడు తెడ్ల బోటంటాడు. ఏ ట్రిప్పుదేదో నాకే కలిసిపోతాయి.”

“ఒకే బల్ల దగ్గర భోజనం?”

“స్టీరింగు మీద పొట్లం పెట్టుకుని తిన్నాను.”

“చెయ్యి పట్టుకున్నది?”

“చిన్న పిల్ల వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుందట.”

“స్కార్ఫు?”

“తడి స్కార్ఫు సీటు మీద పడేసి వెళ్ళారు. ఆ సీటు తుడిచాను. అదొక్కటే నేను చేసింది.”

“ఎన్నేళ్ళ నించి ఇలా?”

“చిట్టికి మాటలొచ్చినప్పట్నించి. ‘నీళ్ళు చల్లగా ఉన్నాయా నాన్నా’ అని అడిగింది మొదటిసారి. పార్కింగ్‌లో కూర్చున్నానని చెప్పబుద్ధి కాలేదు. చల్లగా ఉన్నాయన్నాను. ఇంక అక్కణ్ణించి అలా అలా వచ్చేసింది.”

“నాకైనా చెప్పచ్చుగా.”

“ఏమని చెప్పను? నీకొక్కదానికే కుళ్ళనుకుంటున్నావా? సామాను దింపి ‘హాయిగా వెళ్ళి రండి’ అంటాను. నవ్వుతూనే అంటాను. వాళ్ళు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడతాను, ఒక్కళ్ళైనా వెనక్కి తిరిగి నువ్వూ రావయ్యా అంటారేమోనని. అంత కుళ్ళు నాకు.”

“మరి మేం అడిగినప్పుడల్లా ‘చూసిందే ఏం చూస్తాం’ అన్నారే. మమ్మల్ని తీసుకెళ్తే మీరూ చూసేవారుగా.”

“తీసుకెళ్తే బయటపడిపోనూ. బోటు టిక్కెట్లు ఎక్కడిస్తారో నాకు తెలీదు. గుహల మెట్లు ఎటున్నాయో తెలీదు. చిట్టి నా వేలు పట్టుకుని ‘ఎటు నాన్నా’ అంటే ఏ వైపు చూపించను? అందుకే విసుగన్నాను. తిట్టాలనుంటే తిట్టు.”

“ఆవిడ ‘మీరూ రండి’ అని ఒక్క మాట అనలేదా?”

“లేదు.”

“ఒక్కసారైనా?”

“లేదన్నాగా.”

“ఏం మనిషండీ. నోటి మాటకి ఏం పోయింది ఆవిడకి.”

“ఇంతసేపూ పిలిచిందని ఏడ్చావు, ఇప్పుడు పిలవలేదని ఏడుస్తున్నావా?”

“నా ఇష్టం. ఆదివారం ఎవరన్నా పార్టీ ఉందా?”

“లేదు, ఇంకా ఎవరూ మాట్లాడుకోలేదు. ఏం?”

“ఊరికే అడిగాను.”

“నాన్నా, మరి ఇదంతా కొట్టెయ్యనా? పదకొండు చోట్ల ‘మేం’ అని రాశాను.”

“కొట్టెయ్ తల్లీ. ‘వాళ్ళు’ అని మార్చుకో.”

“ఏమీ కొట్టెయ్యక్కర్లేదు. ‘మేం’ అలాగే ఉండనీ చిట్టీ. పైన తారీఖు ఒక్కటే మార్చు, ఆదివారానిది వెయ్యి.”