దంచినా రెండే, పెట్టినా రెండే

హలో… హలో… ఆ, నేనేరా తమ్మీ, అన్నను. అంతయ్యను… బెల్లంపల్లికెల్లే. క్లబ్బు ఆపీసులకెల్లి మాట్లాడుతున్న… లే లే, అవ్వకేం గాలే. ఇంట్ల అందరం మంచిగనే ఉన్నం. ట్రంకాల్ అనంగనే ఎవలో పోయిండ్రనుకునుడేనా? నీ బాస్కెట్‌బాలు ఆట ముచ్చటనే.

ఆ, గెలిచిండ్రని తెలుసు. మన బస్తీ బుచ్చిరాములు నిన్న కరీంనగర్‌ల నీ ఆట చూసి, రాత్రి బస్సెక్కి, పొద్దుగాల దిగిండు. ఇంటికి గూడ పోలే, సీదా లాంపురూంకు వచ్చి, నేను బాయి దిగేటోళ్లకు బత్తీలు ఇస్తుంటెనే చెప్పిండు… సంబురమే, ఎందుకు లేదు? కని ఇల్లు అలుకంగనే పండుగ గాదు. ఫైనలు ఇయ్యాల సాయంత్రం ఉన్నది… నాకెందుకు కోపం? కోపం లేదు.

— ఉన్నది. ఉన్నదిరా. నిన్న ఎందుకు దంచలే?

ఏంది, ఏం దంచలే అని నన్నే అడుగుతవా? నువ్వు ఎగిరి, చెయ్యి ఇనుప రింగు మీదికి పోనిచ్చి, బంతిని పైకెల్లి కిందికి కొడితె, రోట్లె రోకలి ఏసినట్టున్నదని దంచుడు అని పేరు పెట్టింది మీ వదిననే గదా. ఇప్పుడు బస్తీ అంత గదే అంటరు. నిన్న ఒక్కపారి గూడ దంచలేదట నువ్వు. రింగు కింది దాక ఉరికి, బంతిని మెల్లగ బోర్డుకు తాకిచ్చి లోపలేసినవట. పాలగిన్నె పొయ్యి మీద పెట్టినట్టు పెడ్తుండన్నా అని చెప్పిండు బుచ్చిరాములు… నవ్వకు. నాకు నవ్వస్తలేదు.

ఆ… ఆ… పాయింట్లు దంచినా రెండే, పెట్టినా రెండే. తెలుసు. నాకు గామాత్రం లెక్క రాదా?… పెట్టుడే నమ్మకమున్న పని అంటవ్. దంచంగ రింగుకు తాకితె బంతి యాడికో ఎగిరి పోతది, పెడితె పోదు. సరే, ఒప్పుకున్న. గెలుసుడే కావాల్నంటె నువ్వన్నదే నిజం. కని మనకు కావల్సింది గెలుసుడేనా?

వెల్ఫేర్ సారు ఏమన్నడు, యాదికి లేదా? నా ముందట, నీ ముందట అన్నడు గదా. ఫైనలుకు కంపెనీ పెద్దసారును తోలుకొస్త, లక్ష్మీరాజం దంచుడు ఆయన కండ్లతోటి చూడాలె, చూసినంక పిలగాన్ని బాయిలకెల్లి పైకి తీసుకొచ్చి క్లబ్బుల పని ఇప్పిస్త అన్నడు. నీ అసంటోడు ఈ చుట్టుపక్కల లేడని చెప్పుకున్నడట పెద్దసారుకు. ఆయనకు పెట్టుడు చూపిస్తె ఏమంటడు? గిది ఎవడైన చేస్తడు గదా అంటడు. రేపటికెల్లి మల్లా బొగ్గుబాయి దిగుడే నీకు. బొగ్గు తట్టలకెత్తుడే, టబ్బులు నింపుడే…

జర ఆగమ్మా, ఇంక అయిపోలే. ఇంకో మూడు నిమిషాలు పెంచు, మాట్లాడుతం… ఎక్స్‌చేంజి ఆమె. మంచిదే, పెంచింది.

చెప్పు. ఎందుకు దంచలే?

రింగు కదులుతుందా? కదిలితె కదలనియ్. ఊడి పడితె వాళ్లే ఇంకోటి కొట్టిచ్చుకుంటరు. మన క్లబ్బుల రింగు కదల్లేదా, ఆడ నువ్వు దంచలేదా?… ఎగిరినంక ఎవడన్న ఎనుకకెల్లి తోస్తె కాళ్లు ఇరుగుతయా? నిజమే. కని నిన్న నీ ఎనుక ఎవ్వడు లేడట. మైదానమంత ఖాళీగున్నదట, జనమంత లేచి నిలవడ్డరట, దంచు రాజం దంచు అని ఒర్రిండ్రట. నువ్వేమో ముద్దుగ పెట్టొచ్చినవ్… దమ్ము దాచుకున్నవా? ఎవరి కోసం దాచుకున్నవ్‌రా? నీ వయసుల దమ్ము దాచుకునుడేంది?

ఒక్కటి అడిగితె నాలుగు చెప్తున్నవ్. నాలుగు చెప్తున్నవంటె అండ్ల ఒక్కటి గూడ నిజం గాదు.

నిజం చెప్పు, జల్ది. బత్తీలు తీసుకునేటోళ్లు లాంపురూం కాడ లైను కట్టిండ్రు, షిఫ్టు కూత కొట్టే యాళ్ల అయితుంది. నా పని ఇంకొకనికి అప్పజెప్పి ఉరికొచ్చిన. నాకు పొద్దటిసంది కాలు ఒక్క కాడ నిలుస్తలేదు.

సరే, ఇంకో ముచ్చట. బుచ్చిరాములు చెప్పినప్పటిసంది గదే తిరుగుతుంది నా నెత్తిల. రింగు కాడికి పోంగనే నువ్వు తల కిందికేస్తున్నవట. మంచిగనే ఉరికొస్తుండు, మంచిగనే లేస్తుండు, రింగు దగ్గరికి రాంగనే తాబేలు లెక్క మెడ లోపలికి గుంజుకుంటుండు అన్నడు. గదేంది?… ఏం లేదా? ఏం లేకుంటె గా మెడ ఎందుకు గుంజుకుంటవ్?

రాజం. అన్నకు చెప్పవా?

ఆ… ఆ… ఎప్పటిసంది?… ఎండకాలంకెల్లా? బాయిల దిగినప్పటిసందేనా? గప్పటికెల్లి నీ ఆట చూసుడే పడలే నాకు… ఆ, చెప్పు, ఇంటున్న… నువ్వు పని చేసే కాడ పైకప్పు గంత కిందికున్నదా? నడుము లేపరాదా?… పొద్దంత వంగుడేనా, అన్నం తినంగ గూడనా?… నెత్తికి తాకిందా? ఎప్పుడు?… గట్టిగనా?… నెత్తురొచ్చిందా? ఒచ్చినా చెప్పలే. ఆసుపత్రికి పోలే… ఎందుకు పోలే?… పనికి రాడని రాస్తరని. ఇగో, గిసొంటియి దాస్తవ్ నువ్వు.

గందుకే. ఆ, సమజయితుంది, నిదానంగ చెప్పు… మీద ఇనుము కండ్లవడంగనే పైకప్పే అనిపిస్తదా. చెయ్యి మీదికి లేస్తది గని తల కిందికి పోతది. నువ్వు పోనిచ్చేది గాదు, అదే పోతది… కండ్లు గూడ మూసుకుంటున్నయా?… అబ్బా. గాలిల ఉండంగ కండ్లు మూసుకుంటె బంతి యాడ పడ్తది, నువ్వు యాడ పడ్తవ్?

అదే పెడితె భయం లేదు. పెట్టుడు కిందికెల్లే చేస్తవ్, తల వంచుకోని గూడ చెయ్యచ్చు. గందుకు పెడ్తున్నవ్. దమ్ము గాదు, రింగు గాదు. గిదీ అసలు సంగతి.

… లే, తిడుతలేను. తిట్టెటందుకు నోరస్తలేదు నాకు.

మొదటి దినం నీ చేతికి బత్తి ఇచ్చి బాయిలకు తోలంగ ఒక్కటే మాట చెప్పిన నేను. తమ్మీ, కింద యాడున్నా తల ఎత్తకు అని చెప్పిన. చిన్నప్పటిసంది ఒక్క మాట ఇనలే నువ్వు నాది. బడి ఎగ్గొట్టకంటె ఎగ్గొడితివి, వాగుల దుంకకంటె దుంకితివి. గిది మాత్రం మంచిగ ఇన్నవ్‌రా, చెవులే గాదు, నీ పెయ్యంత ఇన్నది.

ఏమన్నవ్? మల్లా అను… వద్దు. వద్దు రాజం, ఇయ్యాల దంచకు… నేనే దంచుమన్న, నేనే వద్దంటున్న. అవును. ఇందాక నాకు తెల్వది, ఇప్పుడు తెలిసింది… పట్టువట్టకు. కండ్లు మూసుకోని ఇనుము మీదికి ఎగురుతవా? బోర్డు అంచు మొకానికి తాకితె పన్ను ఉంటదా, కన్ను ఉంటదా? ఎల్లెలుకల పడి నడుము ఇరిగితె ఏమయితది? పెద్దసారు జర సేపు అయ్యో అంటడు, కారెక్కి పోతడు. అవ్వ ముందట నేను నిలవడాలె.

జనం ఒర్రితె ఒర్రనియ్. నవ్వితె నవ్వనియ్. మెల్లగ పెట్టు. బోర్డుకు తాకిచ్చి పెట్టు. రెండు వస్తయ్, గా రెండు ఎవ్వడు గుంజుకోడు.

… మరి నువ్వు పైకెట్ల వస్తవు అంటవా?

గదే ఆలోచన చేస్తున్న… ఒక్క నిమిషం, మాట్లాడకు.

తమ్మీ, నేను దిగుత. నువ్వు లాంపురూంల కూసో. నా పని నువ్వు చెయ్, నీ పని నేను చేస్త… ఎకసెక్కం గాదు. మేనేజరు సారును అడుగుత… ఎందుకు ఒప్పుకోడు? పైకి వస్త అనేటోనికి సవాలచ్చ అడ్డాలు పెడ్తరు గని, కిందికి దిగుత అనేటోన్ని ఎవడాపిండు? ఇయ్యాలనే అడుగుత.

మీ వదినె శంకరవ్వకు చెప్పలే. చెప్త. లొల్లి చేస్తది, చేయనియ్. నీ నెత్తి పలిగిందని చెప్పినంక తనే నన్ను తోలుతది, సూడు.

నాకేమయితదిరా? పిచ్చోడా, నేను పొట్టోన్ని. ఒక్క అవ్వ కడుపుల పుట్టినం గని పొడుగంత నీకే పాయె. నువ్వు ముడుసుకోని పనిచేసే కాడ నేను నిక్కి నిలవడ్త. గా పైకప్పు నా నెత్తికి అందనే అందది… ఏడ్వకు. పదిమందిల ఉన్నవ్, మొకం తుడుసుకో. సాయంత్రం ఆటున్నది నీకు… భయమైతలేదా అంటె అయితది. అబద్ధమెందుకు చెప్త? బత్తీలు ఇచ్చుడే గని బత్తి పెట్టుకోని దిగిందెన్నడు నేను? మొదటి దినం నువ్వే వచ్చి దించాలె నన్ను, ఏం చూసుకోవాల్నో నువ్వే చెప్పాలె…

ఏంది? ఇనస్తలేదు… రాజం?… హలో… హలో…

కట్టయ్యిందా అమ్మా?… నా ఖర్మ. సివరికి ఏదో అన్నడు, నాకు ఇనరాలే. నీకు ఇనొచ్చిందా?… ఏమన్నడు?… దిగకు, అన్నా, అన్నడా… ఇంకా?… నేనే దంచుత, నువ్వు దిగకు అన్నడు.

లే తల్లీ, మల్లా కరీంనగర్ కలపకు. కలిపితె వాడు గదే అంటడు, నేను గిదే అంట. ఈడనే, మన మేనేజరు సారు ఆపీసుకు కలుపు. జల్ది కలుపు, సాయంత్రం ఆట లోపల, పని మారింది, దంచకు అని వానికి మాట పంపాలె… ఎవరని చెప్పాల్నా? లాంపురూం అంతయ్య అని చెప్పు… ఏం పని అంటె, బాయి దిగెటందుకు అని చెప్పు.