డీజిలు తాగే చలిమనిషి

బొంజుబాబు లేడూ, బూరుగులోవ జీపు బొంజుబాబు, వాడికి చీకటంటే భయం లేదంట, ఎలుగుబంటంటే భయం లేదంట, వాడి భయమంతా ఒక్క వెదురుపుల్ల మీదంట. ఏమైందంటే, వాడి పాత జీపులో డీజిలు ఎంతుందో చూపించే ముల్లు ఎప్పుడో చచ్చింది. అందుకని సన్నటి వెదురుపుల్ల ఒకటి చెక్కి, దాని మీద కత్తితో గీతలు పెట్టుకుని, టాంకులో ముంచి తీసి చూసుకునేవాడు. ఈ గీత దాకా తడిస్తే సంతకెళ్ళి రావచ్చు, ఆ గీత దాకా తడిస్తే కొండ దాటి బంకు చేరొచ్చు, అదీ లెక్క. ఎండాకాలం ఆ పుల్ల అబద్ధమాడలేదు, వానాకాలం ఆడలేదు. పుష్యమాసం వచ్చింది అనుకోండి, లోవంతా మంచు కమ్మింది అనుకోండి, పుల్ల మాట తప్పింది. అదే దారి, అదే జనం, అవే పసుపు మూటలు. డీజిలు మాత్రం గీత కింద గీత జారిపోతోంది, ఎవడో పక్కన కూర్చుని తాగుతున్నట్టు.

ఇంకొకప్పుడైతే బండిని నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేవాడే. కానీ ఇంట్లో పెళ్ళాం చిలకమ్మకి నెలలు నిండి ఉన్నాయి. ఊరికున్నది ఒక్కటే బండి, అది వీడిదే. ఆసుపత్రి చూస్తే కొండకి అవతల, బంకూ అవతలే. ఫోను చేసి ఎవర్నన్నా పిలుద్దామంటే లోవలో సిగ్నలు దొరకదు. నొప్పులొచ్చిన పూట ఈ బండి దారి మధ్యలో ఆగిపోతే? అన్నం ముందు కూర్చున్నా అదే, పడుకుని కళ్ళు మూసుకున్నా అదే. పైగా ఆ దారి మధ్యలో ఏముందో మీకు చెప్పలేదు కదా. తెల్లరాయి మలుపు ఉంది. పూర్వం ఎవరో ఒకడు ఆ మలుపులో బండి కోసం కాసుకుని, కాసుకుని, ఎముకలు కొరికే చలిలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే బిగుసుకుపోయాడంట. వాణ్ణి చలిమనిషి అంటారు. వాడికి రక్తం అక్కర్లేదంట, కోడి అక్కర్లేదంట. వెచ్చదనం కావాలంట. వచ్చేపోయే బండి మీదకి ఎక్కి కూర్చుని, డీజిలు తాగి కడుపు వెచ్చబెట్టుకుంటాడంట. పుడుతూనే వెచ్చగా ఉండేది ఇంకేముంటుందో మీరే ఆలోచించుకోండి. బొంజుబాబు ఆలోచించాడు, ఆలోచించి ఒళ్ళంతా చెమట పట్టించుకున్నాడు, ఆ చలిలో.

ఒకనాటి పొద్దున్న చూస్తే జీపు చక్రాలు నాలుగూ కిందికి అణిగి, టైర్లు పక్కలకి పొర్లి ఉన్నాయి, బండి మీద ఏనుగు కూర్చున్నట్టు. పైన చూస్తే ఎవరూ లేరు. మధ్యాహ్నం ఎండొచ్చాక చూస్తే టైర్లు కాస్త లేచాయి. మర్నాడు పొద్దున్న మళ్ళీ అణిగాయి. "అయిపోయింది, వాడు మలుపు దాటి మా వాకిట్లోకే వచ్చీసినాడు" అనుకున్నాడు. పరుగున గాసన్న దగ్గరికి పోయాడు. గాసన్న అంటే ఆ ఊరి దిసారి, మంచీచెడూ చూసి చెప్పే పెద్దమనిషి. ఆయన బియ్యపుగింజలు చాటలో పోసి చూసి, "ఇనప ముక్కొకటి బండి మీద పెట్టుకోరా, భయం తగ్గుద్ది. బండిని మూగగా ఉంచకు, మూగదాంట్లోకి గాలి దూరుద్ది" అన్నాడంట. అంతే ఆయన అన్నది. మరి భయపడ్డవాడి చెవికి ఒకటి పదిగా వినపడుతుంది కదా. బొంజుబాబు అరిగిపోయిన నాగలి కర్రులు తెచ్చాడు, ఎడ్లబండి చక్రం ఇనపకట్టు తెచ్చాడు, విరిగిన గునపం తెచ్చాడు, అన్నీ జీపు టాపు మీద కట్టాడు. చలిమనిషి కూర్చోకుండా ఉండాలని వాటి మీద నిలువెత్తు ముళ్ళకంప నిలబెట్టాడు. బండి ముందుకు పోతే ఆ కంప గాలికి అడ్డం పడి హోరుమనేది. ఇక మూగగా ఉండకూడదు కదా, కోడి కూసింది మొదలు మంచు విడిపోయేదాకా వాకిట్లో ఇంజను ఆడిస్తూనే ఉండేవాడు. బండి కదిలేది లేదు, డుగుడుగుమని ఒకటే మోత. పుల్ల ముంచితే గీత ఇంకా కిందికి. గీత జారేకొద్దీ వీడు ఇనుము పెంచాడు, ఇనుము పెంచేకొద్దీ గీత జారింది.

అత్త లక్కమ్మ కూతురి పురుడు కోసం వచ్చి ఉందిలెండి. ఆవిడ పొయ్యి దగ్గర కూర్చుని ఈ మోతంతా విని విని ఒకరోజు అననే అంది. "అల్లుడా, పొయ్యి మీద కుండే పెట్టకుండా తెల్లార్లూ కట్టెలు ఎగదోసి, కట్టెలైపోనాయి, దయ్యం తినీసింది అంటే ఊళ్ళో నవ్వుతారు గదయ్యా" అంది. "నీకు తెల్దత్తా, నువ్వూరుకో" అన్నాడు వీడు. "నాకేటి తెలుస్తాది, ఆరుగురికి పొయ్యి మీద ఉడకేసి పెంచినదాన్ని" అని మూతి తిప్పుకుందంట.

ఇట్లా ఉండగా ఓ పొద్దున్న, వాకిట్లో బండి ఎప్పట్లానే డుగుడుగుమంటోంది, మంచు చూస్తే చెయ్యి చాపితే చెయ్యి కనపడనంత ఉంది, లోపల్నుంచి చిలకమ్మ "మావా" అని ఒక్క కేక పెట్టింది. నొప్పులు. బొంజుబాబు పుల్ల ముంచాడు. తీశాడు. పుల్ల కొన మాత్రం తడిసింది. కొండ దాటే గీత ఎక్కడో పైన పొడిగా ఉండిపోయింది. ఆగడానికి లేదు, అడగడానికి మనిషి లేడు. చిలకమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టి, లక్కమ్మ వెనకెక్కి, బయల్దేరారు. బండి కొండెక్కుతోంది అనడం కాదు, పాకుతోంది. పైన ఇనుము దడదడలాడుతోంది, కంప హోరు పెడుతోంది. అద్దం ముందు తెల్లటి గోడ. ఆ గోడ లోపల్నుంచి తెల్లరాయి వచ్చింది. సరిగ్గా అక్కడికొచ్చేసరికి ఇంజను ఒక దగ్గు దగ్గింది. బొంజుబాబు గుండె కూడా దగ్గింది.

"మావా, ఆపు" అంది చిలకమ్మ పళ్ళు బిగబట్టి. "ఇక్కడా? నీకు మతిపోనాదేటే? ఇది వాడి చోటు!" అన్నాడు. "ఆపి పైనున్న బరువు పారేయి. ఇంత మోసుకుని ఇది కొండెక్కదు" అంది. "అది తీసీస్తే వాడెక్కి కూకుంటాడే!" అన్నాడు వాడు ఏడుపు గొంతుతో. చిలకమ్మ నొప్పి అణుచుకుని, వాడి చెయ్యి గోళ్ళు దిగేలా పట్టుకుని ఏమందంటే, "కూకోనీ. మనిషొకడు ఎక్కువెక్కితే ఈ బండికి కొత్తా? ఇనుము కంటే దయ్యం తేలికే. నా బిడ్డ రోడ్డు మీద పుట్టకూడదు మావా" అంది. రాయి ఒకటి వెనక చక్రానికి అడ్డం పెట్టి, తాళం తిప్పి ఇంజను ఆపాడు. ఆ నెలలో ఆ బండి మంచులో మూగపోవడం అదే మొదలు. అబ్బ, ఆ నిశ్శబ్దం చూడండి! ఆకు మీంచి మంచుబొట్టు రాలితే వినపడుతోంది. టాపెక్కాడు. తాళ్ళు కోశాడు. ఒక్కో కర్రూ లోయలోకి విసిరితే అది ఎక్కడ పడిందో చప్పుడు రావడానికి చాలాసేపు పడుతోంది. చక్రం కట్టు విసిరాడు, కంప తోసేశాడు. వీపు మీద ఎవరో ఊపిరి వదిలినట్టుంది. తిరిగి చూడలేదు. చూసే ధైర్యం ఉంటే ఇంత కథెందుకు?

కిందికి దూకి చక్రాల వంక చూశాడు. టైర్లు అణిగే ఉన్నాయి! "ఎక్కీసినాడత్తా, చూడు, బరువంతా తీసినా బండి లేవలేదు, ఎక్కీసినాడు" అని అక్కడే కూలబడ్డాడు. లక్కమ్మ దిగింది. టాపు మీద తడిమి చూసింది, ఖాళీ. టైరుని కాలితో ఒక్క తన్ను తన్నింది, మెత్తగా ఉంది. "పైన ఎవుడూ లేడు, కిందే లేదు. గాలి లేదయ్యా దీంట్లో! చలికి ముసలోళ్ళు ముడుచుకున్నట్టు గాలీ ముడుచుకోదా? ఎండొస్తే లేచిందంటే అదే మరి. మెత్తటి చక్రంతో కొండెక్కితే బురదలో నడిచినట్టే, ఎద్దైతే ఏనాడో పడుకునేది. పంపు ఉందా లేదా?" అంది. ఉంది, సీటు కింద కాలిపంపు. బొంజుబాబు తొక్కాడు. హుఫ్, హుఫ్ అని మంచులో ఒకటే చప్పుడు. తన పక్కనే ఇంకెవరో ఊపిరి తీస్తున్నట్టు వినపడుతోంది. ఆగితే అదీ ఆగుతోంది, తొక్కితే అదీ మొదలవుతోంది. చిలకమ్మ లోపల మూలుగుతోంది. వాడు కళ్ళు మూసుకుని తొక్కాడు. ఒక్కో చక్రం లేచింది. కళ్ళు తెరిచి చూస్తే బండి, చాకిరేవు నుంచి వచ్చిన గాడిద మూట దించుకుని నిలబడ్డట్టు, నిటారుగా నిలబడి ఉందంట.

ఇంకప్పుడు వాడు బండిని అదిలించలేదు, రొప్పించలేదు. చూలాలి చెయ్యి పట్టుకుని నడిపించినట్టు, నెమ్మదిగా, ఒక్క తీరున ఎక్కించాడు. మలుపు వెనక్కి పోయింది, మంచు పలచబడింది, కొండ నెత్తిన ఎండ తగిలింది. ఆసుపత్రి గేటు లోపలికి పోయి, చిలకమ్మని నర్సమ్మ చేతికి అప్పగించాక, వచ్చి బండి పక్కకి తీద్దామని తాళం తిప్పితే ఇంజను కిర్రుమంది గానీ అందుకోలేదు. పుల్ల ముంచాడు. పొడిపుల్ల పొడిగానే వచ్చింది. దాన్ని చేత్తో పట్టుకుని మెట్ల మీద కూర్చుంటే, లోపల్నుంచి ఏడుపు వినపడింది. ఆడపిల్ల. ఒళ్ళు కాలిపోయేంత వెచ్చగా ఉందంది లక్కమ్మ, పిల్లంటే అట్లాగే ఉంటుందిలెండి.

తర్వాత గాసన్నని అడిగితే, "ఒక్క ముక్కన్నానురా, కమ్మరికొట్టు మొత్తం నెత్తికెక్కించుకోమన్నానా?" అని నవ్వాడంట. ఆనాటి నుంచి బొంజుబాబు చలికాలం తీరే మారిపోయింది. ఇంజను అందుకోగానే కదులుతాడు, కదిలి మొదట్లో మెల్లగా పోతాడు, బండి నడుస్తూనే వేడెక్కుతుంది. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడే టైర్లు చూసుకుంటాడు. టాపు మీద ఊరికే ఏదీ ఉంచడు. ఇంజనులో వేడి నిలవాలని దాని ముందుండే జాలీకి సగం దాకా గోనెపట్టా కడతాడు, అది లక్కమ్మ చెప్పిందే, కుండకి మూతలాగ. ఎండెక్కగానే విప్పేస్తాడు, మూత తియ్యకపోతే పొంగిపోద్దని అదీ ఆవిడే చెప్పింది. పుల్ల మళ్ళీ దాదాపు నిజం చెబుతోంది. దాదాపు అన్నాను, ఎందుకంటే చలికాలం చలికాలమే, దాని వాటా అది కాస్త తాగకుండా ఉండదు.

మరి చలిమనిషి సంగతేమిటని మీరడుగుతారు. పిల్ల మొదటి పుట్టినరోజుకి బొంజుబాబు పాత గొంగడి ఒకటి తీసుకెళ్ళి తెల్లరాయి మీద కప్పి వచ్చాడంట, పాపం వాడికీ చలేస్తోంది కదా అని. మర్నాడు పొద్దున్న చూస్తే గొంగడి లేదు. దారిన పోయేవాడెవడో పట్టుకుపోయుంటాడు అంటారు మీరు. నేనూ అదే అంటాను, ఇట్లా ఎండలో కూర్చున్నప్పుడు. మంచులో ఆ మలుపు తిరిగేటప్పుడు మాత్రం నన్నడక్కండి.