షిఫ్టులు చూసి ఫ్రెంచి చెప్పిన రత్నమాల గారు

2003 జూన్ 12వ తేదీన గోదావరిఖనిలోని మన పాఠశాలలో ఫ్రెంచి ఉపాధ్యాయినిగా చేరిన శ్రీమతి రత్నమాల గారు, సుదీర్ఘ బోధనానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. యానాంలో జన్మించి, అక్కడే ఫ్రెంచి అభ్యసించిన వారు, బొగ్గు సంస్థలో ఇంజినీరైన భర్త శ్రీ గోపాలరావు గారి వెంట ఈ ఊరికి విచ్చేశారు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు తెలుగు, హిందీలతో పాటు ఫ్రెంచిని కూడా ద్వితీయ భాషగా ఎంచుకోవచ్చునని యాజమాన్యం ప్రకటించిన సంవత్సరమది. నా తరగతి పిల్లలు పుస్తకాలు సర్దుకుని పక్కగదికి తరలిపోతుంటే తెలుగు పండితుడినైన నేను ఆనందించానని రాస్తే ఈ సంచికలో అదొక్కటే అబద్ధమవుతుంది.

ఏడాది చూసి, తల్లిదండ్రులు సమ్మతిస్తేనే ఫ్రెంచిని కొనసాగిస్తామన్నది యాజమాన్యం షరతు. అందుకని ఆమె ఎంతో ఉత్సాహంతో, ప్రతి విద్యార్థీ ఉదయం బడికి బయల్దేరే ముందు ఇంట్లో పావుగంట గొంతెత్తి పాఠం చదవాలని ఆదేశించారు. భర్తది జనరల్ షిఫ్టు కావడం వల్ల, నైట్ షిఫ్టు కార్మికులు సరిగ్గా ఆ వేళకే ఇల్లు చేరి నడుం వాలుస్తారని, అప్పుడు క్వార్టర్లలో ఇల్లాళ్ళు గిన్నె చప్పుడు కూడా కానివ్వరని ఆమెకు తెలియదు.

వారం తిరగకముందే, భూగర్భ గనిలో పనిచేసే రాయమల్లు గారు ఎర్రబడిన కళ్ళతో ఆఫీసు గదికి వచ్చారు. వారి కుమార్తె సంతోషి ఆరో తరగతి.

"మేడమ్, నైట్ షిఫ్టు చేసొచ్చి గిట్ల కన్ను మూస్తనో లేదో, మా పోరి ముక్కుతోని ఏందో చదువుతది. నిద్ర లేకుంట బాయిల దిగితే నా పానానికి పూచీ ఎవరు?"

బాయి అంటే గని అని అప్పటికే ఎరిగిన రత్నమాల గారి ముఖం పాలిపోయింది. "తప్పు నాదేనండి. రేపటి నుంచి మీ షిఫ్టు చూసుకునే చదివిస్తాను" అన్నారు.

మాట నిలబెట్టుకున్నారు. షిఫ్టు మారినప్పుడల్లా పిల్లలను ముందుగా నాన్నగారి డ్యూటీ అడిగి, ఆపైనే పుస్తకం తెరిపించేవారు. తండ్రి ఉదయం డ్యూటీకి వెళ్ళిన ఇళ్ళలో పిల్లలు హాయిగా గొంతెత్తేవారు. నైట్ షిఫ్టు ఇళ్ళ పిల్లలు బడి విడిచాక సైకిళ్ళ షెడ్డులో ఆమె ఎదుట చదివేవారు. షేర్ ఆటోలు ఒకదాని తరువాత ఒకటి వెళ్ళిపోతున్నా చివరి విద్యార్థి పాఠం ముగిసేదాకా ఆమె కదిలేవారు కారు. ఆ షెడ్డు పక్కనే స్టాఫ్ రూమ్ కావడంతో నాకూ కొంత ఫ్రెంచి అబ్బింది. దానిని ఎవరూ పరీక్షించకపోవడం నా అదృష్టం.

సంవత్సరాంతాన జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో, బొగ్గు బాయిల ఊరిలో ఈ భాష దేనికని పలువురు ప్రశ్నించారు. యాజమాన్యం ఫ్రెంచికి స్వస్తి చెప్పబోతున్న ఆ క్షణంలో వెనుక వరుసలోంచి రాయమల్లు గారు లేచారు.

"నాకు ఫ్రెంచి ఎరుక లేదు. కానీ మా నిద్ర ఫికర్ చేసిన టీచర్ను ఈమెనే చూసిన. ఈమె ఏది చెప్తె అది మా పిల్లలు చదువుతరు."

మిగతా తల్లిదండ్రులూ సమ్మతించారు. తరగతి నిలిచింది. సంతోషి మొదలుకొని ఎన్ని బృందాల పిల్లలు ఈ ఊరి యాసలో చక్కని ఫ్రెంచి మాట్లాడుతూ ఆ గది దాటి వెళ్ళారో! జూన్‌లో ఆ గదికి కొత్త ఫ్రెంచి ఉపాధ్యాయినిగా రానున్న యమున గారికి రత్నమాల గారు పాఠ్యపుస్తకం కంటే ముందు షిఫ్టుల వేళలు నేర్పుతున్నారు.

అమ్మా, మీరు వెళ్ళిపోతున్నారంటే నాకు బాధగానే ఉంది. శ్రీ గోపాలరావు గారి సాహచర్యంలో మీరు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని, ఇన్నేళ్ళు ఈ ఊరి నిద్రను కాచిన మీకు ఇకపై ప్రతి ఉదయం ఎవరూ లేపని కమ్మని నిద్ర దక్కాలని మనసారా ఆకాంక్షిస్తున్నాను.

– జగదీశ్వర్, తెలుగు పండితుడు